ఆసుపత్రి దగ్గర ఆగని బండి

మా నగరంలో ఇల్లు లేనివాళ్లకు రవాణా సౌకర్యం లేదని ఎవడన్నా అంటే నేను ఒప్పుకోను. ఉంది. ఎప్పటినుంచో ఉంది. టికెట్టు లేదు, క్యూ లేదు, పైగా పోలీసు బందోబస్తు.

ఎవరో ఒక పెద్దమనిషి నగరానికి వస్తున్నాడంటే చాలు, పొద్దు పొడుస్తుండగానే చిన్న లారీలాంటి నగరపాలక సంస్థ డీసీఎం బండి ఫ్లైఓవర్ కిందికొచ్చి నిలబడుతుంది. పిల్లర్ల మధ్య పడుకున్నవాళ్లను మూటాముల్లెతో సహా ఎక్కిస్తారు. ఎక్కలేని ముసలివాళ్లకు లాఠీ ఆసరా ఇస్తుంది. నగరం హద్దు దాటించి, కంకర క్వారీల దగ్గర దింపేసి వస్తారు. పెద్దమనిషి వచ్చి, ఖాళీ ఫుట్‌పాత్‌లు చూసి, ఆహా అని పోతాడు. ఆ తర్వాత మనవాళ్లు ఒక్కొక్కరే నడుచుకుంటూ తిరిగొస్తారు. పోవడానికి సర్కారు బండి, రావడానికి సొంత కాళ్లు. ఖర్చు చెరి సగం అన్నమాట.

నన్ను మాత్రం ఎక్కించరు. నాకు పిల్లర్ పక్కన పంక్చర్లు వేసే రేకు డబ్బా ఉంది. అందులోనే పడుకుంటాను. రేకు ఉన్నవాడు వ్యాపారి, రేకు లేనివాడు చెత్త. ఇది నేను కల్పించింది కాదు, వాళ్ల పద్ధతి. ఆ డబ్బాలోంచే ఫుట్‌పాత్ సంఘం నడుపుతున్నాను.

ఇదంతా మొదలైంది కొంరవ్వ కాలుతో.

కొంరవ్వకు షుగరు. అరికాల్లో మేకు దిగింది, పుండు పడింది. నగరానికి ఆ కొసన ఉన్న పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకోవాలి, మధ్యాహ్నం ఓపీ మూసేలోపు రావాలి, రాకపోతే కాలు దక్కదు అని మొహం మీదే చెప్పింది. మనమున్నది ఈ కొసన. సిటీ బస్సెక్కితే పుండు వాసనకు జనం ముక్కులు మూసుకుంటున్నారని కండక్టర్ రెండో స్టాపులో దింపేశాడు. ఆటోవాళ్లు ఆగినట్టే ఆగి, కాలు చూసి పోయారు. అప్పుడు ఆమె బిడ్డ సుగుణ, చిత్తుకాగితాలు ఏరుకునే తన తోపుడు బండి కడిగి, గోనెసంచి పరిచి, తల్లిని పడుకోబెట్టి తోసుకుంటూ పోవడం మొదలుపెట్టింది. కట్టు మార్పించిన రోజున కాగితాలు లేవు, కాగితాలు లేని రోజున తిండి లేదు. కానీ పుండు మానుతోంది. అంచుల్లో ఎర్రటి కొత్త చర్మం వచ్చిందని సుగుణ అందరికీ పిలిచి చూపించింది, కొత్త చీర చూపించినట్టు.

బస్సు పాసొకటి ఇప్పించి, కండక్టర్లు దింపకుండా ఒక మాట చెప్పించండని అడుగుదామని ముగ్గురం నగరపాలక ఆఫీసుకు పోయాం. మా గ్రహచారం బాగుంది. ఆ వారమే అక్కడ 'పౌర చలనశీలతా ప్రత్యేకాధికారి' అనే కొత్త కుర్చీ వేశారు. అందులో సత్యకీర్తి గారు కూచున్నారు. ఏదో దేశంలో ఆర్నెల్ల శిక్షణ పొంది వచ్చారట. కుర్చీ అయితే వచ్చింది గానీ దానికి పని ఇంకా రాలేదు. మేం వెళ్లాం.

ఆయన మా మాట సగం విని చెయ్యెత్తారు.

"మీరు సమస్యను చాలా సంకుచిత దృక్కోణంలో చూస్తున్నారు. ఒక వృద్ధురాలి పాదం కాదు ఇక్కడ ప్రశ్న. నివాసరహిత పౌరులకు శైశవం, యౌవనం, వార్ధక్యం అనే భిన్న వయోదశల్లో ఉత్పన్నమయ్యే చలన ఆవశ్యకతలు ఏమిటన్నది ప్రశ్న."

"లేదు సారు," అంది సుగుణ. "పాదమే ప్రశ్న. గీ పాదమే." కట్టు విప్పి చూపించబోయింది.

సత్యకీర్తి గారు కుర్చీ వెనక్కి జరుపుకుని, "సమగ్ర అధ్యయనానికి ఆదేశిస్తున్నాను," అన్నారు.

"అధ్యయనం అయ్యేదాక బస్సు పాసు ఇయ్యి బిడ్డా," అంది కొంరవ్వ. "ఇంత ముక్కనే గద."

"అధ్యయనానికి ముందే పరిష్కారం ఇస్తే, అధ్యయనం నిష్పాక్షికతను కోల్పోతుందమ్మా."

నిజమే. జ్వరం కొలిచేలోపు మందేస్తే థర్మామీటర్ చిన్నబోదూ.

అధ్యయనం వచ్చింది. మెడలో తాళ్లకు కార్డులు వేలాడుతున్న కుర్రాళ్లు ఫ్లైఓవర్ కిందికి దిగారు. చేతుల్లో పలకల్లాంటి ఫోన్లు. మొదట దొరికినవాడు మొగులయ్య. పెళ్లిళ్లలో బ్యాండు కొట్టి, సీజను లేనప్పుడు నోరు కొట్టుకునే మనిషి.

"మీ ఇంటి నుంచి దగ్గర్లోని బస్టాపుకు ఎంత దూరం అంకుల్?"

"నేను పండేదే బస్టాపుల బిడ్డా."

"అంటే దూరం సున్నా," కుర్రాడి మొహం వెలిగింది. "సూపర్ కనెక్టివిటీ! సెలవు రోజుల్లో విహారానికి ఎటు వెళ్తుంటారు?"

"క్వారీల దిక్కు."

"సొంత వాహనమా?"

"సర్కారు బండి. ఇంటికాడికే వస్తది. రానంటే కొట్టి మరీ తీస్కపోతది. గట్ల మర్యాద చేసేటోళ్లు మాకు చుట్టాలల్ల గూడ లేరు."

అందరం నవ్వాం. కుర్రాడు నవ్వలేదు, రాసుకున్నాడు. అదే మా కొంప ముంచింది, కొంపలు లేకపోయినా.

నివేదిక ఏం చెప్పిందంటే, నగరంలో ఇంటి పన్ను కట్టేవాడు ఏడాదిలో సర్కారు వాహనంలో ఒక్క అడుగు కూడా ప్రయాణించడం లేదు. ఇల్లు లేనివాడు మాత్రం ప్రతి ప్రముఖుడి రాకకూ నగరం ఈ కొసనుంచి ఆ హద్దు దాకా ప్రయాణిస్తున్నాడు. కాబట్టి చలనశీలతలో నివాసరహితులు నివాసులను ఎప్పుడో దాటేశారు. ఇన్నాళ్లూ నగరపాలక సంస్థ ఒక మహత్తర రవాణా పథకాన్ని తనకు తెలియకుండానే నడుపుతోంది! ఇక చేయాల్సిందల్లా దానికి పేరు పెట్టడం, ప్రతిరోజూ నడపడం, ఢిల్లీలో ఇచ్చే జాతీయ పురస్కారానికి పంపడం.

పేరు పెట్టారు. సంచారమిత్ర.

డీసీఎం బండ్లకు చిలకాకుపచ్చ రంగేశారు, ఎగిరే కొంగల బొమ్మలేశారు. వయోదశలు మూడు గనక బండ్లూ మూడు. పిల్లల బండి జింకల పార్కు అవతలి తుప్పల్లో దింపుతుంది, ప్రకృతి సాన్నిహిత్యం కోసం. వయసువాళ్ల బండి క్వారీల దగ్గర దింపుతుంది, ఉపాధి అనుసంధానం కోసం. ముసలివాళ్ల బండి నగరం హద్దు మీదున్న కొత్త శ్మశానం గోడ పక్కన దింపుతుంది. ఎందుకని నేనడిగితే, "వారి మున్ముందు అవసరాలను కూడా పరిగణనలోకి తీసుకున్నాం," అన్నారు సత్యకీర్తి గారు. మొహంలో ఎక్కడా వంకర లేదు. నేను వెతికాను.

మొదటి రోజే చంటిదాన్ని ఒక బండిలో, పాలిచ్చే తల్లిని ఇంకో బండిలో ఎక్కించారు. తల్లి రోడ్డు మీద పడి గుండెలు బాదుకుంటుంటే సత్యకీర్తి గారు స్వయంగా కారు దిగి ఓదార్చారు. "చూడమ్మా, ఇది రవాణా పథకం. పాలు పోషకాహార శాఖ కిందికి వస్తాయి." తర్వాత పదిమంది ఆడమనుషులు బండికి అడ్డం పడ్డారు గనక చంటిపిల్లలను 'చేతి సామాను'గా పరిగణించి తల్లితో పంపమని ఒక సవరణ తెచ్చారు. దాన్ని మేం విజయం అనుకున్నాం. అంత అడుక్కి పడిపోయాం.

ఇక కొంరవ్వ సంగతి. పథకం మొదలయ్యాక బండ్లు పొద్దున్నే వస్తాయి. ఓపీ తెరవకముందే ఆమెను ఎత్తుకుపోతారు. శ్మశానం గోడ దగ్గర దింపుతారు. అక్కణ్నుంచి ఆమె కుంటికాలితో ఏ వాహనమూ ఎక్కలేదు, సుగుణ ఇంకో దిక్కున క్వారీలో ఉంటుంది. సుగుణ పరుగున వచ్చి తల్లిని మోసుకుని ఆసుపత్రికి చేరేసరికి ఓపీ కిటికీ మూసి ఉంటుంది.

సరే, ఒకరోజు సుగుణ బండ్లు రాకముందే తల్లిని తోపుడు బండి మీద వేసుకుని బయల్దేరింది. సంచారమిత్ర సిబ్బంది చౌరస్తాలో ఆపారు.

"ఇదేంది? మనిషిని తీస్కపోతున్నవ్. పర్మిట్ ఉందా?"

"మా అవ్వనన్నా! దవాఖాన్లకు పోతున్న!"

"అవ్వ అయితేంది, పాసింజరే గద. లబ్ధిదారులను ప్రైవేటు వెహికిల్ల తీస్కపోవుడు నేరం."

తోపుడు బండి జప్తు చేశారు. ఇంకా అది నగరపాలక గోదాములోనే ఉంది. కావాలంటే వెళ్లి చూసుకోవచ్చు, చక్రాలు మూడే ఉంటాయి.

అప్పుడు సుగుణకో ఉపాయం తట్టింది. ముసలివాళ్ల బండిలో తల్లితో పాటే పోతే, బండి దిగిన వెంటనే భుజాన వేసుకుని పరుగెత్తొచ్చు గదా. మర్నాడు వయసు నిర్ధారణ గుమస్తా దగ్గర నిలబడి, తనకు అరవై రెండేళ్లంది. ఆమెకు ముప్పై దాటాయో లేదో. గుమస్తా ఆమె మొహం చూశాడు. కాగితం ఏమైనా ఉందా అన్నాడు. లేదంది. కాగితం లేనప్పుడు లబ్ధిదారు చెప్పిందే వయసు అని నిబంధన. రాసుకున్నాడు. వెనక కొంరవ్వ వచ్చింది. ఆమెకు ఈ సంగతి తెలియదు, ముసలితనం పేరెత్తితే ఒప్పుకోని మనిషి.

"నాకేడ అరవై? యాభై ఎనిమిది గూడ నిండలే," అంది.

"అట్లయితే నువ్వు యువ బండి. క్వారీ," అన్నాడు గుమస్తా.

"ఓ సారూ!" సుగుణ నెత్తి కొట్టుకుంది. "ఆమె నా తల్లి!"

గుమస్తా రెండు పేర్లూ మళ్లీ చూసుకున్నాడు. "కూతురు అరవై రెండు, తల్లి యాభై ఎనిమిది. ఉండొచ్చు. ఇంతకంటే ఘోరాలు కంప్యూటర్ ఒప్పుకుంది."

ఆ విధంగా బిడ్డను శ్మశానం దగ్గర, తల్లిని కంకర క్వారీలో దింపి వచ్చారు. ఆ రోజు కట్టులోకి కంకర పొడి పోయింది. నేను సత్యకీర్తి గారి దగ్గరికి పోయి టేబుల్ గుద్దితే, కొంరవ్వను తిరిగి ముసలివాళ్ల బండికి మార్చారు. సుగుణను మాత్రం 'వయో వంచన' నేరం మీద యువ బండికి పంపారు. వృద్ధుల వెంట సహాయకులు రాకూడదట. అది వృద్ధుల స్వావలంబనకు భంగం.

పథకానికి ఇంకో చిక్కు వచ్చింది. రోజుకిన్ని ప్రయాణాలు చూపాలని లక్ష్యం పెట్టుకున్నారు. వారం తిరిగేసరికి ఫుట్‌పాత్‌లు ఖాళీ. జనం నడిచి వచ్చేలోపు మళ్లీ బండి వేళ అయిపోతోంది. ఎక్కించడానికి మనుషుల్లేరు. ఆఫీసులో అత్యవసర సమావేశం జరిగింది. వంద మంది బుర్రలు కలిస్తే తేలిందేమంటే, తీసుకుపోయినవాళ్లను సాయంత్రం అదే బండ్లలో వెనక్కి తెచ్చి ఫ్లైఓవర్ కింద దింపాలి. ఎందుకు? పొద్దున మళ్లీ తీసుకుపోవడానికి.

మొగులయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నా, గీ సర్కారు మనల్ని ఊరి బయట పారేస్తది, మల్ల ఏరుకొస్తది. మనం చిత్తుకాగితాలు ఏరినట్టు."

అంతా బాగుంది. రాకపోకల బండి. రోజూ. ఉచితం. ఇంకేం కావాలి? ఒక్కటే లోపం. బండి ఎక్కడికి పోవాలో ఎక్కేవాణ్ని అడగరు.

అసలు దరిద్రం చెప్తాను వినండి. ముసలివాళ్ల బండి పోయే దారి పెద్దాసుపత్రి గేటు ముందునుంచే. పొద్దున్నే, ఓపీ చీటీల క్యూ రోడ్డు దాకా ఉండే వేళకు, సరిగ్గా ఆ గేటు ముందునుంచే పోతుంది. అక్కడో పెద్ద స్పీడ్ బ్రేకర్ ఉంది. బండి నెమ్మదిస్తుంది కూడా. కొంరవ్వ చువ్వలు పట్టుకుని డ్రైవరును బతిమాలేది.

"ఓ చాంద్ పాషా, ఓ కొడుకా, జర ఆపు. దిగి నేనే దేక్కుంట పోత."

చాంద్ పాషా మంచివాడు. అద్దంలో చూడకుండా మాట్లాడేవాడు. "అమ్మీ, నడుమల ఆపితే లెక్కవెట్టే మిషన్ల ట్రిప్పు కట్ అయితది. ట్రిప్పు కట్ అయితే నా నౌకరీ కట్. హద్దు దాటినంకనే పూరా ట్రిప్పు. నాకు గూడ పిల్లలున్నరు అమ్మీ."

నేను సత్యకీర్తి గారిని అడిగాను. దారిలోనే ఉంది కదా, ఒక్క నిమిషం ఆపితే ఏం పోతుంది అని.

"అది రవాణా కాదు," అన్నారాయన. "అది ఆసుపత్రికి చేర్చడం. ఆసుపత్రికి చేర్చడం ఆరోగ్య శాఖ పరిధి. మేం ఆపితే పరిధి అతిక్రమణ. పైగా మధ్యలో దిగితే అది అసంపూర్ణ ప్రయాణం. జాతీయ పురస్కారం ముంగిట్లో అసంపూర్ణ ప్రయాణాలు చూపమంటారా?"

"కాలు పోతది సారు."

"ఒక వ్యక్తి అవయవం ఆధారంగా విధానాలు రూపొందించలేం."

నేను ఆయన టేబుల్ మీది కొంగ బొమ్మ తీసి గోడకేసి కొట్టాను. బయటికి గెంటారు. నా పేరు సందర్శకుల నిషేధ జాబితాలో ఉంది ఇప్పటికీ.

పుండు అంచుల్లో వచ్చిన ఎర్రటి చర్మం మొదట తెల్లబడింది, తర్వాత నల్లబడింది. సుగుణ ఇప్పుడెవరికీ పిలిచి చూపించడం లేదు. ఉప్పునీళ్లతో కడిగి, తన కొంగే చింపి కట్టేది. కొంరవ్వ వేళ్లు కదపమంటే కదిపేది కాదు. "ఊకె సతాయించకు, నిద్రపోయినయ్," అనేది.

ఇంతలో ఢిల్లీ నుంచి పురస్కార సంఘం వచ్చింది. ఒక తెల్ల జుట్టు అమ్మగారు, ఇద్దరు కోట్లవాళ్లు. ముసలివాళ్ల బండిలో వాళ్లు కూడా కూచుని ప్రయాణిస్తారట. బండి కడిగారు, అత్తరు కొట్టారు, సీట్లేశారు. వాళ్ల కోసమే, ముసలివాళ్లు కిందే. పౌర సమాజ ప్రతినిధి ఒకడు తప్పక ఉండాలని వాళ్ల నిబంధన. సమయానికి ఇంకెవడూ దొరక్క, గెంటేసిన నన్నే కాలర్ పట్టుకుని తెచ్చి ఎక్కించారు.

ఫ్లైఓవర్ కింద జెండా ఊపారు. ఢిల్లీవాళ్లకు చూపించడానికి ఆ రోజు బండ్లన్నీ ఒకే దారిన పంపారు, ముందు వయసువాళ్ల బండి, వెనక మాది. దారంతా సత్యకీర్తి గారు హిందీలోనూ ఇంగ్లీషులోనూ వార్ధక్యం గురించి చెబుతూనే ఉన్నారు. కింద కొంరవ్వ కాలు చాపుకుని కళ్లు మూసుకుని ఉంది. అత్తరును పుండు ఓడించింది. అమ్మగారు రుమాలు తీశారు.

ఆసుపత్రి గేటు దగ్గర ముందు బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కి నెమ్మదించింది. వెనక తలుపు తెరుచుకుంది. సుగుణ దూకింది. వెంట మొగులయ్య, వాడి వెనక పదిమందో పదిహేనుమందో. రోడ్డుకు అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూచున్నారు. చాంద్ పాషా బ్రేకు తొక్కాడు. ఆ బ్రేకు కొంచెం ముందే తొక్కాడని, కావాలనే తొక్కాడని నా నమ్మకం.

"వీళ్లెవరు?" అంది అమ్మగారు.

సత్యకీర్తి గారి మొహం ఒక్క క్షణం సున్నం కొట్టినట్టయింది. ఆ వెంటనే తేరుకున్నారు. అందుకే ఆయన అధికారి, నేను పంక్చర్లేస్తున్నాను. "ఇది మా నూతన ఆవిష్కరణ మేడమ్. భిన్న వయోదశల లబ్ధిదారులు పరస్పరం కలుసుకునే తరాంతర సంగమ కేంద్రం."

అమ్మగారు ఫోటో తీసుకున్నారు. కోట్లవాళ్లు చప్పట్లు కొట్టారు.

సుగుణ అదేమీ చూడలేదు. మా బండి వెనక తలుపు లాగి, తల్లిని వీపున వేసుకుని గేటులోకి పరుగెత్తింది. నేనూ వెంట ఉరికాను. ఓపీ తెరిచే ఉంది. డాక్టరమ్మ కొంగు గుడ్డ విప్పింది. ఒకసారి చూసి, నర్సును పిలిచి, ఆపరేషన్ థియేటర్ ఖాళీ ఉందా అని అడిగింది. తర్వాత సుగుణ మీద విరుచుకుపడింది.

"ఎంత మంచిగ మానుతుండె! ఇన్ని రోజులు ఎక్కడికి పోయిన్రు మీరు?"

"ఎక్కడికి పోలేదు డాక్టరమ్మా," అంది సుగుణ. "రోజూ మీ గేటు ముందటికెల్లే పోయినం."

మోకాలి కింద తీసేశారు.

పురస్కారం మా నగరానికే వచ్చింది. తరాంతర సంగమ కేంద్రానికి ప్రత్యేక ప్రశంస కూడా. రోడ్డు మీద కూచున్నవాళ్ల మీద ట్రాఫిక్ కేసు పెట్టారు. ప్రశంసా పత్రంలో ఉన్నదీ వాళ్ల ఫోటోనే, కేసు కాగితంలో ఉన్నదీ వాళ్ల ఫోటోనే.

ఆపరేషనైన నాలుగో రోజున సత్యకీర్తి గారు వార్డుకు వచ్చారు. చేతిలో యాపిల్ పండ్లు, వెనక ఫోటోగ్రాఫరు. షుగరు మనిషికి పండ్లెందుకని నర్సు వాటిని తీసి పక్కన పెట్టింది. ఆయన మంచం దగ్గర నిలబడి శుభవార్త చెప్పారు. కొంరవ్వ ఇప్పుడు వృద్ధుల విభాగంలోంచి దివ్యాంగుల విభాగంలోకి మారింది. ఆ విభాగం వేరే శాఖ. కనుక సంచారమిత్ర జాబితాలో ఆమె పేరు ఉండదు. రేపటినుంచి ఆమెను ఎవరూ ఎత్తుకుపోరు.

"పైగా," అన్నారు, "వృద్ధుల్లో ఆసుపత్రి ప్రయాణ ఆవశ్యకత కూడా ఆ మేరకు తగ్గినట్టు నమోదవుతుంది."

సుగుణ లేచింది. ఆమె లేచిన తీరు చూసి ఫోటోగ్రాఫరు తలుపు వైపు జరిగాడు. కొంరవ్వ బిడ్డ చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. దుప్పటి చదునుగా పడి ఉన్న చోటును అరచేత్తో తడిమింది.

"ఒక్క మాట అడుగుత సారూ. నా కాలు ఏడ దింపొచ్చిన్రు?"

సత్యకీర్తి గారికి అర్థం కాలేదు. నర్సు చెప్పింది, కోసిన అవయవాలను తీసుకుపోయేవాళ్లు వేరే ఉంటారని. అప్పుడాయన మొహం విప్పారింది. తెలిసిన సంగతి వచ్చింది మరి.

"అది జీవ వ్యర్థాల విభాగమమ్మా. దానికి ప్రత్యేక వాహనం ఉంది. ఆసుపత్రి గేటు లోపలికే వస్తుంది. ఒక్కరోజు కూడా ఆలస్యం కాదు."

కొంరవ్వ తలూపింది.

"మంచిగైంది," అంది. "నాకు రాకున్నా దానికన్న బండి టైముకొచ్చింది."

సత్యకీర్తి గారు జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు: లబ్ధిదారు సంతృప్తి వ్యక్తం చేశారు.